సాఫ్ట్‌నర్ పనిచేస్తోందా? సబ్బును అడగండి



ఇంటికి వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నవాళ్లతో ఈ పూట నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను. ఏది కొనాలి, ఎంతకు కొనాలి అన్నది చెప్పబోవడం లేదు. కొన్నారు. బిగించారు. ఏడాదో రెండేళ్లో గడిచింది. ఇప్పుడది పనిచేస్తోందా? ఆ సంగతి ఇంట్లో ఉన్న వస్తువులతోనే, మీ అంతట మీరే ఎలా తెలుసుకోవచ్చో చెబుతాను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. మనది గ్రానైటు రాతి నేల. వాన నీళ్లు కిందికి ఇంకి, ఆ రాతి పగుళ్లలో నిలిచి, మట్టిలోని, రాయిలోని కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ తమలో కలుపుకుంటాయి. ఆ నీళ్లనే మనం బోరుతో పైకి తోడుకుంటున్నాం. బడి పుస్తకంలో వాటిని కఠిన జలం అన్నారు. ఇంట్లో మనం ఉప్పు నీళ్లంటాం. ఆ నీళ్లలో పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. హీటర్ రాడ్డుకు తెల్లటి పెచ్చు కడుతుంది. నల్లా తిప్పబోతే బిగుసుకుపోయి ఉంటుంది.

మన వైపు ఎన్నో ఇళ్లలో కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. అక్కడ నల్లాలో వచ్చేది సముద్రపు నీటిని శుద్ధి చేసి పంపే నీరు. సబ్బు ఇట్టే నురగొస్తుంది. సెలవు మీద ఇంటికొచ్చి స్నానం చేస్తే తేడా తెలుస్తుంది. ఇల్లు కట్టించేటప్పుడు సాఫ్ట్‌నర్ కూడా పెట్టించి వెళ్లిపోతాడు. తర్వాత దాన్ని చూసుకోవాల్సింది ఇంట్లో ఉన్న తల్లి, భార్య, ముసలి తండ్రి. నేను ముఖ్యంగా మాట్లాడుతున్నది మీతోనే.

ముందుగా ఒక పొరపాటు నమ్మకాన్ని పక్కన పెడదాం. చాలామంది దగ్గర టీడీఎస్ మీటరు ఉంటుంది. పెన్నంత ఉంటుంది, నీళ్లలో ముంచితే అందులో మొత్తం ఎంత లవణం కరిగి ఉందో అంకె చూపిస్తుంది. దాన్ని బోరు నీళ్లలో ముంచుతారు. సాఫ్ట్‌నర్ నీళ్లలో ముంచుతారు. రెండింటా ఇంచుమించు ఒకే అంకె వస్తుంది. "అయ్యో, సాఫ్ట్‌నర్ పాడైంది" అని దిగులుపడతారు. ఇంకో ఇంట్లో దీనికి విరుద్ధంగా, అమ్మేవాళ్లే ఆ మీటరు పట్టుకొచ్చి ఏదో ఒకటి చెప్పి నమ్మిస్తారు. అమ్మా, అన్నా, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. టీడీఎస్ మీటరుతో సాఫ్ట్‌నర్ బాగోగులు తెలియవు.

ఎందుకు తెలియవో చెబుతాను. జగిత్యాల నుంచి మెట్‌పల్లి పోయే ఆర్టీసీ బస్సు ఉంది. కోరుట్ల బస్టాండులో కొందరు దిగారు, వాళ్ల సీట్లలో ఇంకొందరు ఎక్కి కూర్చున్నారు. బస్సులో తలలు లెక్కపెడితే ముందూ అంతే, తర్వాతా అంతే. మనుషులు మాత్రం మారిపోయారు. టీడీఎస్ మీటరు లెక్కపెట్టేది తలలనే. సాఫ్ట్‌నర్ చేసేది మనుషులను మార్చడం. నీళ్లలో ఉన్న కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని దించేసి, ఆ చోట సోడియాన్ని ఎక్కిస్తుంది. 40 మిల్లీగ్రాముల కాల్షియం దిగితే 46 మిల్లీగ్రాముల సోడియం ఎక్కుతుంది. కాబట్టి బాగా పనిచేసే సాఫ్ట్‌నర్ తర్వాత టీడీఎస్ తగ్గకపోగా కొంచెం పెరగవచ్చు కూడా. టీడీఎస్ తగ్గించేది తాగే నీళ్లను శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రం. అది వేరు, ఇది వేరు.

మరి దేన్ని నమ్మాలి? సబ్బును నమ్మండి. సబ్బుకు సోడియంతో గొడవ లేదు. కాల్షియం తగిలితే మాత్రం ముద్ద కట్టి నురగను చంపేస్తుంది. సబ్బుతో నీటి కాఠిన్యాన్ని కొలవడం పాత విద్యే. స్కాట్లాండులోని అబర్డీన్‌లో రసాయన శాస్త్రం బోధించిన థామస్ క్లార్క్ 19వ శతాబ్దంలో దాన్ని ఒక పద్ధతిగా స్థిరపరిచారు. సున్నంతో నీటిని మెత్తబరిచే విధానానికి 1841లో పేటెంటు తీసుకున్నదీ ఆయనే. మనకు అంత కొలత అక్కర్లేదు. తేడా కంటికి కనిపిస్తే చాలు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మెల్లగా చెబుతాను.

ముందు సబ్బు సంగతి. షాంపూ వద్దు. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు. సర్ఫు పొడి వద్దు. అవి ఉప్పు నీళ్లలో కూడా నురగొచ్చేలా తయారైనవి, మనల్ని మోసం చేస్తాయి. ఒంటి సబ్బు తీసుకోండి. దాని కవరు మీద టీఎఫ్‌ఎం అని ఉంటుంది, అంటే సబ్బులోని కొవ్వు పదార్థం. అది 76 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న సబ్బు అయితే మంచిది. కొబ్బరి కోరేదానితో చిటికెడు తురమండి. ఆ తురుమును అర గ్లాసు గోరువెచ్చని వాన నీళ్లలో గానీ, తాగడానికి తెప్పించుకునే ఆర్‌ఓ క్యాన్ నీళ్లలో గానీ కరిగించండి. బోరు నీళ్లలో కరిగించొద్దు, సబ్బంతా అక్కడే ఖర్చయిపోతుంది.

తర్వాత ఒకే సైజు నీళ్ల సీసాలు మూడు. అర లీటరువి, లోపల ఏముందో కనబడేవి. మొదటి దాంట్లో సాఫ్ట్‌నర్‌కు ముందు వచ్చే నీళ్లు, అంటే నేరుగా బోరు నీళ్లు, ఒక టీ గ్లాసెడు. రెండో దాంట్లో సాఫ్ట్‌నర్‌కు తర్వాత వచ్చే నీళ్లు, అంతే. మూడో దాంట్లో ఆర్‌ఓ క్యాన్ నీళ్లు, అంతే. ఒక్కోదాంట్లో సబ్బు నీళ్లు అయిదేసి చుక్కలు. మూత బిగించి పదిసార్లు గట్టిగా ఊపండి. గట్టు మీద పక్కపక్కన పెట్టండి.

బోరు నీళ్ల సీసా చూడండి. నీళ్లు పాలు కలిసినట్టు తెల్లగా అవుతాయి. పైన వచ్చిన కాస్త నురగ చూస్తుండగానే చప్పబడుతుంది. తెల్లటి తునకలు తేలుతాయి. ఆర్‌ఓ సీసాలో కింద నీళ్లు తేటగా ఉంటాయి, పైన నురగ నిలబడి ఉంటుంది. ఇక మీ సాఫ్ట్‌నర్ సీసా ఈ రెండింటిలో దేని వైపు ఉంది? ఆర్‌ఓ వైపు ఉంటే సాఫ్ట్‌నర్ పనిచేస్తోంది. బోరు వైపు ఉంటే పనిచేయడం లేదు. నడిమధ్యన ఉంటే సగమే పనిచేస్తోంది. మూడు సీసాల్లోనూ నురగ రాకపోతే సబ్బు సరిపోలేదన్నమాట, ఇంకో అయిదు చుక్కలు వేసి ఊపండి.

మరోసారి చెబుతున్నాను. ముందు నీళ్లు, తర్వాత నీళ్లు. రెండూ ఒకే పూట పట్టాలి, పక్కపక్కన పెట్టి చూడాలి.

నీళ్లు ఎక్కడ పట్టారన్నది కూడా ముఖ్యం. గీజర్ నుంచి పట్టొద్దు, అందులో నిన్నటి నీళ్లుంటాయి. పై ట్యాంకీ నుంచి కూడా పట్టొద్దు. సాఫ్ట్‌నర్‌ను ఆనుకుని బయటికొచ్చే పైపుకు నల్లా ఉంటే అక్కడ, ఒక బకెట్ నీళ్లు వదిలేశాక పట్టండి. ఆ నల్లా లేకపోతే ప్లంబర్‌తో పెట్టించుకోండి. అది పెద్ద ఖర్చేం కాదు.

అంకె కూడా కావాలనుకునేవాళ్లకు కాఠిన్యం చూసే చుక్కల మందు కిట్లు దొరుకుతాయి. నీళ్లలో రంగు వేస్తే, కాఠిన్యం ఉన్న నీళ్లు ఎర్రగా మారతాయి. తర్వాత రెండో మందు చుక్క చుక్కగా వేస్తూ పోతే, ఒక్క చుక్క దగ్గర ఎరుపు పోయి నీలం వస్తుంది. ఎన్ని చుక్కలు పడ్డాయో దాన్ని బట్టి లెక్క. చుక్కకు ఎంత అన్నది ఆ కిట్టు డబ్బా మీదే ఉంటుంది. తాగే నీటికి మన దేశపు ప్రమాణంలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు. వేరే దారి లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. సాఫ్ట్‌నర్ దాటి వచ్చిన నీళ్లలో మాత్రం అది సున్నాకు దగ్గరగా ఉండాలి.

సిరిసిల్ల శ్రోతలకు ఇదంతా కొత్త కాదేమో. రంగుల అద్దకం చేసినవాళ్లను అడగండి. నీళ్లు గట్టిగా ఉంటే రంగు సమంగా ఎక్కదు, మరకలు పడతాయి. నూలుకు గంజి పట్టించే సైజింగు బాయిలర్ల దగ్గరైనా, మన ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ల దగ్గరైనా అంతే. గట్టి నీళ్లు పోస్తే లోపల పెచ్చు కడుతుంది, బొగ్గో ఊకో ఎక్కువ తగలబడుతుంది. అందుకే బాయిలర్ పద్ధతిగా నడిపేచోట నీటి కాఠిన్యాన్ని పరీక్షిస్తూనే ఉంటారు. ఇంట్లో రోజూ అక్కర్లేదు. నెలకోసారి చాలు.

సరే, సీసా చూశారు, నురగ రాలేదు. తప్పు ఎక్కడుంది? అక్కడికి పోయే ముందు సాఫ్ట్‌నర్ లోపలి సంగతి ఒక్క నిమిషం. ఆ పొడవాటి డబ్బాలో బొంబాయి రవ్వంత సైజు గింజలుంటాయి. వాటిని రెసిన్ అంటారు. కాల్షియాన్ని పట్టుకునేవి అవే. పట్టుకుని పట్టుకుని నిండిపోతాయి. నిండాక వాటిని ఉప్పు కరిగించిన నీళ్లతో కడగాలి. ఉప్పులోని సోడియం వెళ్లి కాల్షియాన్ని తోసేస్తుంది. ఆ కాల్షియం మోరీలోకి పోతుంది, గింజలు మళ్లీ సిద్ధం. దీన్నే రీజనరేషన్ అంటారు. మనం కడగడం అనుకుందాం.

కడగడం సరిగ్గా జరగకపోతే సాఫ్ట్‌నర్ వట్టి డబ్బా. మన ఇళ్లలో చాలా తప్పులు ఇక్కడే జరుగుతాయి.

కాబట్టి మొదట ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. ఉప్పు తగ్గుతోందా? 25 లీటర్ల రెసిన్ ఉన్న సాఫ్ట్‌నర్ ఒక్కసారి కడగడానికి 2.5 నుంచి 4 కిలోల దాకా ఉప్పు తీసుకుంటుంది. నెల క్రితం పోసిన ఉప్పు ఇంకా అంతే ఉందంటే సంతోషపడకండి. ఉప్పు తగ్గడం లేదంటే సాఫ్ట్‌నర్ కడుక్కోవడం లేదు. ఈ మాట మళ్లీ చెబుతాను. ఉప్పు తగ్గకపోవడం పొదుపు కాదు, జబ్బు.

ఉప్పు పైకి నిండుగా కనిపించినా లోపల బోలుగా ఉండొచ్చు. పైన అట్ట కట్టి, కింద నీళ్లకు ఉప్పు తగలదు. చీపురు కర్ర వెనక వైపుతో మెల్లగా పొడిచి చూడండి. గట్టిగా తగిలి, తర్వాత ఒక్కసారిగా లోపలికి దిగిపోయిందంటే అట్ట కట్టినట్టే. పగలగొట్టండి. కూరలో వేసే మెత్తటి ఉప్పు పోస్తే అడుగున ముద్ద కడుతుంది. దొడ్డుప్పు పోయండి, కానీ మట్టి లేనిది. మట్టి ఉంటే ఉప్పు నీళ్లు లాగే సన్నటి రంధ్రం మూసుకుపోతుంది.

తర్వాత ప్రెషర్. సాఫ్ట్‌నర్ ఉప్పు నీళ్లను డబ్బాలోంచి లాక్కునేది నీటి ఒత్తిడి బలంతోనే. పది మీటర్ల ఎత్తులో ట్యాంకీ ఉంటే ఒక బార్ ఒత్తిడి. మన ఇంటి మీది ట్యాంకీ మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటుంది, దాంతో అర బార్ కూడా రాదు. అది చాలదు. అందుకే పక్కన ప్రెషర్ పంపు పెడతారు. ఇక్కడొక చిక్కుంది. సాఫ్ట్‌నర్ తెల్లవారుజామున రెండు గంటలకు కడుక్కునేలా టైము పెడతారు, ఆ టైముకు ఎవరూ నీళ్లు వాడరని. మనవాళ్లేమో కరెంటు బిల్లు భయంతో, చప్పుడు భయంతో రాత్రి పడుకునే ముందు పంపు స్విచ్చు కట్టేస్తారు. రెండు గంటలకు సాఫ్ట్‌నర్ లేస్తుంది, వాల్వులు తిప్పుతుంది, లాగుతుంది. నీళ్ల బలం లేదు, ఉప్పు రాదు. పొద్దున చూస్తే గడియారం ప్రకారం కడగడం పూర్తయింది. గింజలు మాత్రం అలాగే మురికిగా ఉన్నాయి. ఇలా నెలల తరబడి నడిచిపోతుంది. సాఫ్ట్‌నర్‌ది తప్పు కాదు. కంపెనీదీ కాదు. ఒక్క స్విచ్చు.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఒక ఆదివారం పగటి పూట చేత్తో బటన్ నొక్కి కడిగించండి. ఉప్పు డబ్బాలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో బయట గీత పెట్టండి. ఉప్పు లాగే సమయంలో ఆ నీళ్లు గీత కిందికి దిగాలి. దిగకపోతే ఉప్పు లోపలికి పోవడం లేదు.

ఇంకొకటి, కరెంటు కోతలు. పాత రకం టైమరుకు కరెంటు పోతే గడియారం ఆగిపోతుంది. ఒక రోజు గంట, ఒక రోజు రెండు గంటలు. అలా అలా రెండు గంటలకు కడగాల్సింది పొద్దున ఏడింటికి కడుగుతుంది. కడుగుతున్నంత సేపూ చాలా సాఫ్ట్‌నర్లు బోరు నీళ్లనే నేరుగా ఇంట్లోకి వదులుతాయి. సరిగ్గా అందరూ స్నానాలు చేసే వేళకు. పెద్ద గాలివానకు కరెంటు పోయి వస్తే, ముందు సాఫ్ట్‌నర్ గడియారం చూడండి.

బైపాస్ అనే వాల్వు ఒకటి ఉంటుంది. ప్లంబర్ ఎప్పుడో తెరిచి మూయడం మరిచిపోతే సాఫ్ట్‌నర్ పక్కనుంచి బోరు నీళ్లు నేరుగా పోతాయి. చూడటానికి క్షణం పట్టదు, చూసుకోండి.

ఇంకో చిన్న ఉపాయం. సబ్బు పరీక్ష రెండుసార్లు చేయండి. కడిగిన మరుసటి ఉదయం ఒకసారి, మళ్లీ కడిగే రోజు సాయంత్రం ఒకసారి. రెండుసార్లూ నురగ వస్తే బాగుంది. మొదటిసారి వచ్చి రెండోసారి రాకపోతే, గింజలు అనుకున్నదానికంటే ముందే నిండిపోతున్నాయి. రెండుసార్లూ రాకపోతే బైపాసో, ఉప్పో, ప్రెషరో, లేకపోతే గింజలే ముసలివైపోయాయి.

ముందే నిండిపోవడం ఎండాకాలంలో ఎక్కువ. వానల తర్వాత బోరులో కాఠిన్యం 300 ఉందనుకోండి, అప్పుడు పదివేల లీటర్లకు ఒకసారి కడిగేలా పెట్టారు. ఎండలు ముదిరి, నీళ్లు లోతుకు పోయి, కాఠిన్యం 600 అయిందంటే ఆ గింజలు అయిదు వేల లీటర్లకే నిండిపోతాయి. మిగతా అయిదు వేల లీటర్లూ మీరు వాడేది వట్టి బోరు నీళ్లే. సెట్టింగు మార్చితే సరిపోతుంది. అందుకని వానలు వెనకబట్టాక ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి బోరు నీళ్లను పరీక్ష చేయించుకోండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్షా కేంద్రాలున్నాయి.

స్టీలు గిన్నెల మీద తెల్లటి మచ్చలు చూసి భయపడేవాళ్లకు ఒక మాట. తడిగుడ్డతో తుడిస్తే పోయే తెల్లదనం సోడియంది, అది నష్టం చేయదు. తుడిచినా పోకుండా, నిమ్మచెక్కతో రుద్దితేనే పోయేది కాల్షియం పెచ్చు. పాత పెచ్చు సాఫ్ట్‌నర్ పెట్టగానే రాలిపోదు. కొత్తగా కడుతోందా అన్నదే చూడాలి.

ఇప్పుడు తాగే నీళ్ల సంగతి. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడును తీయదు. నైట్రేటును తీయదు. క్రిములను చంపదు. నురగ బాగా వచ్చింది కదా అని ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయనుకోవద్దు. పైగా కాఠిన్యం 500 ఉన్న బోరు నీళ్లను మెత్తబరిస్తే లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దాన్ని తాగకపోవడమే మేలు. 2016లో మొదలైన మిషన్ భగీరథ తాగునీటి పథకం ఇళ్లకు తెచ్చేది శుద్ధి చేసిన నది నీళ్లు. వాటిని సంపులో బోరు నీళ్లతో కలిపేసి, ఆ కలిపిన నీళ్లను సాఫ్ట్‌నర్‌కు పంపేవాళ్లున్నారు. దయచేసి అలా చేయొద్దు. భగీరథ నీళ్లకు వేరే పైపు, వేరే నల్లా ఉంచుకోండి. తాగడానికి, వంటకు అవి. స్నానానికి, బట్టలకు, గీజర్‌కు సాఫ్ట్‌నర్ నీళ్లు.

కడిగిన ఉప్పు నీళ్లు బయటికొచ్చే పైపును కూడా చూడండి. దాన్ని పెరట్లో కరివేపాకు చెట్టుకో, కొబ్బరి చెట్టుకో వదిలిన ఇళ్లున్నాయి. అలా వదలొద్దు. చౌడు భూమికి జిప్సం ఎందుకు చల్లుతారో మన రైతులకు తెలుసు. మట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసేసి ఆ చోట కాల్షియం కూర్చోవడానికి. మట్టికి ఇలా మార్పిడి చేసుకునే గుణం ఉందని 1850లో ఇంగ్లండులో థామ్సన్, వే అనే ఇద్దరు ప్రకటించారు. సాఫ్ట్‌నర్ విద్యకు మూలం అదే. మీ పెరట్లో ఉప్పు నీళ్లు వదిలితే ఆ మార్పిడే తిరగబడుతుంది. కాల్షియం పోయి సోడియం చేరుతుంది. నేల బిగుసుకుపోతుంది, నీళ్లు ఇంకవు, చెట్టు ఎండిపోతుంది. ఆ పైపును మోరీకే కలపండి.

చివరగా, మెకానిక్‌ను పిలవాల్సి వస్తే "నీళ్లు బాగా రావట్లేదు" అని ఊరుకోకండి. ఉప్పు తగ్గుతోందో లేదో చెప్పండి. కడిగిన మరుసటి రోజు నురగ వచ్చిందో లేదో చెప్పండి. ఉప్పు లాగేటప్పుడు గీత కిందికి నీళ్లు దిగాయో లేదో చెప్పండి. ఈ మూడూ చెబితే అతను చూడాల్సిన చోటే చూస్తాడు. ఊరికే "రెసిన్ మార్చాలి" అంటే, కారణం అడగండి. నీళ్లలో గింజలే వస్తుంటే అడుగున జల్లెడ విరిగినట్టు, అప్పుడు ఆ జల్లెడ మార్చక తప్పదు. లేకపోతే ముందు ప్రెషరు, ఉప్పు, టైమరు చూడమనండి. పని అయ్యాక ఒకసారి కడిగించి, ముందు నీళ్లు, తర్వాత నీళ్లు అతని ఎదుటే సీసాల్లో పట్టి, సబ్బు వేసి ఊపించండి. నురగ నిలబడ్డాకే డబ్బులివ్వండి.